చివరి బైజాంటైన్ నాణేలు: ఏది నిజంగా అరుదో తేల్చుకుని సేకరించడం ఎలా

1261లో బైజాంటైన్ చక్రవర్తి 8వ మైకేల్ పాలియోలొగోస్ సైన్యం రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) లాటిన్ల, అంటే పశ్చిమ యూరప్ క్రూసేడర్ల, చేతుల్లోంచి తిరిగి తీసుకుంది. 1453 మే 29న ఆ నగరం ఒట్టోమాన్ల వశమైంది. ఈ మధ్య వెలువడినవే చివరి బైజాంటైన్ నాణేలు. వీటికి ఏడు వందల ఏళ్ల ముందు జస్టీనియన్ కొట్టించిన పెద్ద రాగి ఫొల్లిస్ ఏ పాత నాణేల అమ్మకందారు దగ్గరైనా ఈ రోజు దొరుకుతుంది. మన విజయనగరంలో దేవరాయలు ఏలుతున్న కాలంలో వచ్చిన 8వ జాన్ వెండి నాణెం కావాలంటే మాత్రం వేలాలు కనిపెట్టుకుని కూర్చోవాలి.

అయితే ఈ కొరత ఒకటే రకం కాదు, మూడు రకాలు. కొన్ని నాణేలు నిజంగానే కొద్దిగా కొట్టారు. కొన్ని బోలెడు కొట్టినా, ముద్ర సరిగా పడక, ఏ చక్రవర్తివో చదవగలిగిన స్థితిలో ఉన్నవి తక్కువ. ఇంకొన్ని అరుదైనవే, కానీ వెతికేవారు లేక చవకగా పోతుంటాయి. అమ్మేవాళ్లు ఈ మూడింటికీ ఒకే మాట వాడతారు: అరుదు. డబ్బు కట్టే ముందు మీ ముందున్నది వీటిలో ఏ రకమో తేల్చుకోవడమే ఈ సేకరణలో అసలు విద్య. కింది పనులన్నీ దాని కోసమే.

మొదటి పని: కొరత ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి

6వ శతాబ్దంలో సామ్రాజ్యానికి కార్తేజ్ నుంచి అంతియొకయ దాకా టంకశాలలు ఉండేవి. 8వ మైకేల్ తర్వాతి కాలంలో లెక్కలోకి వచ్చేవి ముఖ్యంగా రెండు, కాన్‌స్టాంటినోపుల్, థెస్సలోనికి. థెస్సలోనికి కూడా 1387లో ఒట్టోమాన్ల చేతికి పోయి, 1403లో తిరిగి వచ్చి, 1423లో వెనిస్‌కు అప్పగింతై, 1430లో శాశ్వతంగా పోయింది. అంటే 15వ శతాబ్దపు నాణేలంటే దాదాపుగా ఒక్క నగరం నాణేలే.

రెండో కారణం వ్యాపారం. గలాటాలో స్థిరపడిన జెనోవా వర్తకులకు ఏటా రెండు లక్షల హైపర్పిరాన్ల (బైజాంటైన్ బంగారు నాణేల) సుంకం వస్తుంటే, ఎదురుగా ఉన్న రాజధానికి ముప్ఫై వేలు మాత్రమే మిగులుతోందని 14వ శతాబ్దపు చరిత్రకారుడు నికెఫోరోస్ గ్రెగోరాస్ రాశాడు. ఫ్లోరెన్స్ 1252లో, వెనిస్ 1284లో మేలిమి బంగారు నాణేలు మొదలుపెట్టాయి. బైజాంటైన్ బంగారమేమో వన్నె తగ్గుతూ వచ్చింది. 1321 నుంచి 1328 వరకు ఒక అంతర్యుద్ధం, 1341 నుంచి 1347 వరకు మరొకటి, ఆ వెంటనే మహామారి. 1343లో రాజమాత ఆన్ కిరీటపు ఆభరణాలను వెనిస్‌లో 30,000 డ్యుకాట్లకు తాకట్టు పెట్టింది. 1353 ప్రాంతంతో బంగారు నాణేలు కొట్టడం ఆగిపోయింది.

మూడో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. ఈ కాలపు రాగి, కల్తీ వెండి నాణేల బొమ్మలు అతి తరచుగా మారాయి. థెస్సలోనికి ట్రాకీలనే (వంపు తిరిగిన రాగి నాణేలు) చూడండి: రెక్కలు, పువ్వు, పెద్ద అక్షరం, సెయింట్ డిమిట్రియోస్, రెక్కలు తొడిగిన శిలువ, ఇలా ఒక్కో పాలనలోనే పదుల కొద్దీ రకాలు. మొత్తం కలిపితే నాణేలు తక్కువేం కావు, రకానికి మిగిలినవే తక్కువ. కేటలాగులో "మూడే తెలుసు" అని కనిపించే రకాలు ఇంత విరివిగా ఉండటానికి కారణం ఇదే. అలాంటి గుర్తు చూసి హడలిపోనక్కర్లేదు, ఎగిరి గంతేయనూ అక్కర్లేదు.

రెండో పని: ఏ నాణెం ఏ కాలానిదో, ఎంత తూకమో గుర్తుపెట్టుకోండి

పాలకుల పేర్ల కన్నా ముందు లోహాల క్రమం మనసులో పడాలి. అది పడితే నాణెంతో వచ్చే తప్పుడు పేరు చీటీలు సగం అక్కడే దొరికిపోతాయి.

బంగారు హైపర్పిరాన్ గిన్నెలా వంపు తిరిగిన పలుచని నాణెం, తూకం 4 గ్రాముల పైచిలుకు. 1092లో మొదటి అలెక్సియోస్ దీన్ని ప్రవేశపెట్టినప్పుడు ఇరవై కేరట్ల పైన ఉండేది. 8వ మైకేల్ నాటికి 15 కేరట్లు, 2వ ఆండ్రోనికోస్ పాలన గడిచేకొద్దీ 14, 12, చివరికి 11. 8వ మైకేల్ వేయించిన కొత్త బొమ్మే ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది: నగర ప్రాకారం నడుమ చేతులెత్తి ప్రార్థిస్తున్న కన్య మరియ. బొరుసువైపు 2వ ఆండ్రోనికోస్, ఆయన కొడుకు 9వ మైకేల్ మోకరిల్లి ఉంటే క్రీస్తు ఇద్దరి తలలపై చేతులుంచే రకమే బజారులో అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. బైజాంటైన్ నాణేలకు అందరూ వాడే డేవిడ్ సియర్ కేటలాగు సంఖ్యల్లో ఇది 2396.

వెండి బసిలికాన్ 1304 ప్రాంతంలో వచ్చింది. బల్లపరుపుగా ఉంటుంది, మొదట్లో 2.2 గ్రాములు, శతాబ్దం మధ్యకు వచ్చేసరికి దాదాపు సగానికి పడిపోయింది. వెనిస్ వెండి నాణేన్ని చూసి చేసినది కాబట్టి ఒకవైపు సింహాసనం మీద క్రీస్తు, రెండోవైపు నిలబడిన ఇద్దరు చక్రవర్తులు ఉంటారు. దీనితోపాటు బల్లపరుపు రాగి అస్సారియాన్, వంపు తిరిగిన రాగి ట్రాకీ చెలామణిలో ఉండేవి. 14వ శతాబ్దం నడిమి భాగంలో నగర ద్వారం బొమ్మతో పొలిటికాన్ అనే చిన్న కల్తీ వెండి నాణెం వచ్చింది. దాని మీద చక్రవర్తి పేరే ఉండదు.

1367 ప్రాంతంలో 5వ జాన్ బరువైన వెండి స్టావ్రటాన్ మొదలుపెట్టాడు. మొదట ఎనిమిదిన్నర గ్రాములు. 2వ మాన్యుయేల్ కాలానికి ఏడున్నర దరిదాపుల్లోకి, 8వ జాన్ కాలానికి ఏడు దరిదాపుల్లోకి వచ్చింది. దీనికి అర స్టావ్రటాన్, ఎనిమిదో వంతు అనే చిల్లర ఉంది. ఎనిమిదో వంతు ఒక గ్రాముకు అటూ ఇటూ తూగుతుంది. చిల్లర రాగిలో టోర్నీస్ రెండున్నర గ్రాముల లోపు, ఫొల్లారో గ్రాము కన్నా తక్కువ.

ఒక హెచ్చరిక. హైపర్పిరాన్ అనే పేరు 1453 దాకా లెక్కల పుస్తకాల్లో నడిచింది, నాణెం మాత్రం లేదు. కాబట్టి 2వ మాన్యుయేల్ పేరుతోనో 11వ కాన్‌స్టాంటైన్ పేరుతోనో బంగారు హైపర్పిరాన్ ఎవరైనా చూపిస్తే తూకం వేయాల్సిన పని కూడా లేదు, వదిలేయండి.

మూడో పని: సేకరణకు హద్దు గీయండి

"అందరు చక్రవర్తులవీ ఒక్కొక్కటి" అనే లక్ష్యం వినడానికి బాగుంటుంది. 4వ ఆండ్రోనికోస్ 1376 నుంచి 1379 వరకే ఏలాడు, 7వ జాన్ 1390లో కొన్ని నెలలు మాత్రమే. ఇద్దరి నాణేలూ అరుదు, ఏది ఎవరిదన్న వాదన కూడా తెగలేదు. ఈ ఇద్దరి గడులూ ఖాళీగా ఉండిపోవచ్చని మొదటి రోజే ఒప్పుకుంటే అసహనంతో తప్పుడు నాణెం కొనే ప్రమాదం తప్పుతుంది.

మొదటగా 2వ ఆండ్రోనికోస్, 9వ మైకేల్‌ల బసిలికాన్ కొనండి, సియర్ 2402. దొరుకుతుంది, చదవగలం, పోల్చి చూసుకోవడానికి ఫొటోలు వందల్లో ఉన్నాయి. ఆ తర్వాత 2వ మాన్యుయేల్ అర స్టావ్రటాన్. 15వ శతాబ్దానికి చేరువైన వెండిలో అందుబాటులో ఉన్నది ఇదే. మూడోది 8వ జాన్ పూర్తి స్టావ్రటాన్, సియర్ 2563 లేదా 2564. ఈ మూడూ చేతిలో ఉంటే ఆ కాలపు వెండి ఎలా ఉంటుందో, ముద్ర ఎలా పడుతుందో, అంచు ఎలా తెగుతుందో కంటికి అలవాటవుతుంది. బంగారం కావాలంటే 2396 రకం ఒక్కటి చాలు, అదీ నాలుగోదిగా.

తక్కువ ఖర్చుతో లోతుగా వెళ్లాలనుకుంటే 8వ మైకేల్, 2వ ఆండ్రోనికోస్‌ల థెస్సలోనికి ట్రాకీలు తీసుకోండి. వాటికి పోటీ తక్కువ. ప్రపంచంలో పదో పదిహేనో మాత్రమే తెలిసిన రకాలు కూడా, నలిగిపోయి ఉంటే, చిన్న మొత్తానికి వస్తాయి. ఓపిక ఉన్నవారికి ఇంతకంటే మంచి దారి ఈ రంగంలో మరొకటి లేదనే చెప్పాలి.

నల్ల సముద్రపు ఒడ్డున 1461 దాకా నిలిచిన ట్రెబిజాండ్ రాజ్యపు వెండి ఆస్పర్లను కూడా కొందరు ఈ సేకరణలో కలుపుకుంటారు. మొదటి మాన్యుయేల్, 2వ జాన్‌ల ఆస్పర్లు 3 గ్రాముల లోపు తూగుతూ, నిలబడిన సెయింట్ యూజీనియస్ బొమ్మతో బాగానే దొరుకుతాయి. జార్జియాలో వాటిని చూసి కొట్టిన నకళ్లు కూడా ఉన్నాయి. అక్షరాలు వరస తప్పి గీతలుగా మారిపోతే ఆ నకలేమోనని అనుమానించండి.

నాలుగో పని: "అరుదు" అన్న మాటను లెక్కపెట్టండి

దీనికి ఒక సాయంత్రం పడుతుంది, కానీ దీన్ని దాటవేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఏసీసెర్చ్, కాయిన్‌ఆర్కైవ్స్ లాంటి వేలం ఫొటోల నిల్వల్లో చక్రవర్తి పేరు, నాణెం పేరు కలిపి వెతకండి. వచ్చిన ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. మొదట ఒకే నాణెం రెండు మూడు సార్లు అమ్ముడైన సందర్భాలను ఏరేయాలి. బొమ్మను చూస్తే తెలియదు, బిళ్ల అంచు చూడండి. పగుళ్లు, చివరన తెగిన మూల, గీత, ఇవి ప్రతి నాణేనికీ సొంతం. ముప్ఫై ఫొటోలు పన్నెండు నాణేలుగా తేలడం ఈ రంగంలో మామూలే.

తర్వాత అచ్చులు, అంటే నాణెం మీద బొమ్మ ముద్రించడానికి చెక్కిన దిమ్మలు, పోల్చండి. మిగిలిన పన్నెండూ ఒకటి రెండు అచ్చుల నుంచే వచ్చి ఉంటే ఆ విడుదలే చిన్నది, ఇంకా బయటపడే అవకాశం తక్కువ. పన్నెండింటికీ పన్నెండు వేర్వేరు అచ్చులు కనిపిస్తే బోలెడు నాణేలు కొట్టారన్న మాట, మన చేతికి చేరినవే కొద్ది. ఎక్కడో ఒక నాణేల కుండ బయటపడితే ధర కూలిపోతుంది. అచ్చులు ఒకటేనా కాదా అని తేల్చడానికి కిరీటం మీది చుక్కల సంఖ్య, గడ్డం చివర, అక్షరాల మధ్య దూరం, శిలువ గీత ఏ అక్షరం వైపు చూస్తోందో గమనించండి. ఒకే అచ్చయితే ఇవన్నీ ఒక్కటిగా ఉంటాయి. అరుగుదల, ముద్ర పక్కకు జరగడం మాత్రం తేడాగా ఉండొచ్చు.

హైపర్పిరాన్ల విషయంలో ఇంకో చిక్కుంది. బొమ్మ పక్కన చిన్న అక్షరాలు, చుక్కలు, గుర్తులు వేసేవారు. వాటి జతలు చాలా ఉన్నాయి. అమ్మకందారు "ఈ జత కేటలాగులో లేదు" అని ధర పెంచితే, ఆ గుర్తు పడిన చోట ముద్ర స్పష్టంగా ఉందో లేదో చూడండి. సగం పడిన అక్షరాన్ని కొత్త అక్షరంగా చదవడం ఇక్కడ సర్వసాధారణం.

చివరిగా గిరాకీ. అయిదే తెలిసిన రాగి ట్రాకీ కన్నా, వంద దాకా తెలిసిన 11వ కాన్‌స్టాంటైన్ ఎనిమిదో వంతు ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతుంది. చివరి చక్రవర్తి పేరుకున్న విలువ అది. వేలంలో కొంటే సుత్తి పడిన ధర మీద సాధారణంగా 20 నుంచి 25 శాతం కమిషన్, ఆపై రవాణా, సుంకం ఉంటాయి. మీ గరిష్ఠ మొత్తంలోంచి ఇవన్నీ తీసేశాకే పాట పాడండి.

అయిదో పని: చీటీ మీద పేరును నమ్మకుండా చదవండి

వంపు తిరిగిన బిళ్ల మీద ఒక్క దెబ్బతో ముద్ర పూర్తిగా పడదు. అటు ఒకటి, ఇటు ఒకటి కొట్టేవారు. అందుకే హైపర్పిరాన్, ట్రాకీ రెండింటిలోనూ ఒక సగం స్పష్టంగా, రెండో సగం మసకగా, కొన్నిసార్లు బొమ్మ రెండుగా కనిపిస్తుంది. ఇది లోపం కాదు, ఆ పద్ధతే అంత. మీకు కావాల్సింది అందం కాదు, పేరు ఉన్న సగం చదవగలిగి ఉండటం. రెండు నాణేలు ఒకే ధరకు వస్తే, ముఖం బాగున్నదాన్ని వదిలి పేరు కనిపించేదాన్ని తీసుకోండి.

స్టావ్రటాన్ మీద అక్షరాలు రెండు వలయాలుగా ఉంటాయి. చక్రవర్తి పేరు సాధారణంగా బయటి వలయంలో, పైనున్న శిలువ తర్వాత మొదలవుతుంది. బిళ్ల చిన్నదై అచ్చు పెద్దదైతే ముందు పోయేది ఆ బయటి వలయమే. లోపలి వలయంలో బిరుదులుంటాయి, అవి అందరికీ ఇంచుమించు ఒకటే. పేరులో ఒక్క అక్షరమైనా కనిపించకపోతే ఆ నాణెం తెలిసిన ఏ అచ్చుతో సరిపోతుందో ఫొటోతో చూపించమని అమ్మకందారుని అడగండి. చూపించలేకపోతే దాన్ని "15వ శతాబ్దపు వెండి" ధరకే లెక్కగట్టండి.

పొరపాటు పడే జతలు కొన్ని. బసిలికాన్‌ను పోలిన బల్గేరియా రాజు ఇవాన్ అలెగ్జాండర్ వెండి నాణెం బజారులో విపరీతంగా ఉంది. అందులోనూ రెండోవైపు ఇద్దరు నిలబడి ఉంటారు. కానీ క్రీస్తు కూర్చోడు, నిలబడి ఉంటాడు. వెనిస్ నాణెంలో ఒక డోజ్ (వెనిస్ పాలకుడు), ఒక సెయింట్ మార్క్ ఉంటారు. సెర్బియా నాణెంలో ఒక రాజు, ఒక సెయింట్ స్టీఫెన్. బసిలికాన్‌లో ఇద్దరూ కిరీటం ధరించిన చక్రవర్తులే, మధ్యలో పొడవైన శిలువ. ఇక 13వ శతాబ్దం తొలి భాగంలో లాటిన్లు, బల్గేరియన్లు కొట్టిన చిన్న వంపు రాగి నాణేలను "చివరి బైజాంటైన్" అని గంపగుత్తగా అమ్ముతుంటారు. అవి పాలియోలొగోస్ వంశానివి కావు, అరుదూ కావు.

సంఖ్యల గురించి ఒక్క మాట. సియర్ సంఖ్య గుర్తింపుకు చాలు. 1258 నుంచి 1453 దాకా ప్రతి రకాన్నీ వాదోపవాదాలతో సహా చూడాలంటే 1999లో ఫిలిప్ గ్రియర్సన్ సిద్ధం చేసిన డంబార్టన్ ఓక్స్ (వాషింగ్టన్‌లోని బైజాంటైన్ పరిశోధన సంస్థ) కేటలాగు 5వ సంపుటమే ఆధారం. సియర్ పాత ముద్రణలో ఒక చక్రవర్తికి రాసిన కొన్ని నాణేలను దీనిలో మరొకరికి మార్చారు. చీటీ మీద రెండు సంఖ్యలు వేర్వేరు పేర్లకు పోతుంటే కొత్తదాన్ని పట్టుకోండి.

ఆరో పని: తూకం, నీటి పరీక్ష, భూతద్దం

కావాల్సినవి: గ్రాములో వెయ్యో వంతు చూపించే చిన్న తూకపు యంత్రం, పది రెట్ల భూతద్దం, డిస్టిల్డ్ వాటర్, సన్నని నైలాన్ దారం, చిన్న గాజు గ్లాసు. వందో వంతు చూపించే యంత్రం హైపర్పిరాన్‌కు, పెద్ద స్టావ్రటాన్‌కు సరిపోతుంది గానీ ఎనిమిదో వంతుకు పనికిరాదు. గ్రాము నాణెం నీటిలో కోల్పోయే బరువే 0.1 గ్రాము లోపు, అందులో వందో వంతు తప్పితే ఫలితం పది శాతం తప్పుతుంది.

పొడిగా తూచండి. నీళ్ల గ్లాసును యంత్రం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. యంత్రం చూపించే అంకెతో పొడి తూకాన్ని భాగించండి. 7.00 గ్రాముల స్టావ్రటాన్ ముంచినప్పుడు 0.68 వస్తే సాంద్రత 10.3. మంచి వెండికి ఇది సరైన అంకె. మేలిమి వెండి 10.5, రాగి 8.96, మేలిమి బంగారం 19.3. 15 కేరట్ల హైపర్పిరాన్‌లో మిగతాది ఎక్కువగా వెండే కాబట్టి 14 పైన రావాలి, 11 కేరట్లదానికి 13 దగ్గర. 8వ మైకేల్ హైపర్పిరాన్ 17 దాటితే సంతోషించకండి. అది ఈ కాలంలో నగల బంగారంతో చేసిన నకలు అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ జరిగే తప్పు గాలి బుడగలు. గిన్నె వంపులో బుడగ చిక్కుకుంటే సాంద్రత తక్కువగా చూపిస్తుంది. నీటిలో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి, నాణేన్ని వంపు పైకి వచ్చేలా కాకుండా నిలువుగా దించండి. భూమిలో తుప్పుపట్టి లోపల గుల్లబారిన వెండి కూడా తక్కువే చూపిస్తుంది. కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చూసి నకిలీ అని తీర్పు చెప్పకండి. పరీక్ష అయ్యాక మెత్తని కాగితం మీద ఆరనివ్వండి, రుద్దకండి.

భూతద్దంతో అంచు చుట్టూ తిప్పి చూడండి. చదునుగా ఆకురాయి పట్టిన గీత ఉంటే అది రెండు భాగాల మూసలో లోహం పోసి చేసిన పోత నాణెం. ముఖం మీద చిన్న గుంటలు, అక్షరాల మూలలు సబ్బు కరిగినట్టు మెత్తబడటం పోతకు గుర్తులు. అసలు నాణెంలో అంచు పగుళ్లు లోపలిదాకా పదునుగా ఉంటాయి. పోతలో పగులు మొదలు మొద్దుబారి ఉంటుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కవల. మీ నాణేనికున్న గీత, పగులు, ముద్ర పడని ఖాళీ మరో నాణెం ఫొటోలో అచ్చంగా అదే చోట కనిపిస్తే రెండింటిలో కనీసం ఒకటి నకిలీ. అచ్చు ఒకటే కావచ్చు, పగులు ఒకటే కాలేదు.

11వ కాన్‌స్టాంటైన్: వేరుగా చూడాల్సిన గడి

ముట్టడి రోజుల్లో సైనికుల జీతాలకు చర్చిల వెండి పాత్రలు కరిగించి నాణేలు కొట్టించారని ఆనాటి సాక్షులు రాశారు. అయినా 20వ శతాబ్దంలో చాలాకాలం ఈ చక్రవర్తి పేరుతో నాణేలు ఉన్నాయా అన్నదే ప్రశ్నగా ఉండేది. 1974లో నాణేల పరిశోధకుడు సైమన్ బెండాల్ ఒకటి ప్రచురించాడు. 1991లో ఆయనే 158 నాణేల నిధి వివరాలు వెలువరించాడు. వాటిలో 90 దాకా 11వ కాన్‌స్టాంటైన్‌వే, అందులోనూ అత్యధికం ఎనిమిదో వంతులు. ఒక్క కుండ బయటపడితే అరుదు అన్న మాట ఎంత మారిపోతుందో దీనికన్నా మంచి ఉదాహరణ లేదు.

దీన్ని కొనదలిస్తే మూడు షరతులు పెట్టుకోండి, ఒక్కటి తప్పినా వెనక్కి తగ్గండి. ఒకటి, పేరులోని అక్షరం కంటికి కనిపించాలి, లేదా ప్రచురితమైన అచ్చుతో సరిపోవాలి. 8వ జాన్ ఎనిమిదో వంతు కూడా ఇలాగే ఉంటుంది, ధరలో మాత్రం పోలికే లేదు. రెండు, నాణెం పాత అమ్మకాల చరిత్ర ఫొటోతో సహా ఉండాలి. మూడు, నకిలీ అని తేలితే ఎప్పుడైనా డబ్బు వాపసు ఇస్తామని అమ్మకందారు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ పేరు మీద నకిలీలు చాలా తిరుగుతున్నాయి. "వారసత్వంగా వచ్చింది, ఏమిటో తెలియదు" అంటూ చవకగా వచ్చేది మీకు దొరికిన అదృష్టం కాదు.

ఏడో పని: కాగితాలు, చట్టం

ఈ నాణేలు దొరికే నేలలు టర్కీ, గ్రీస్, బల్గేరియా. టర్కీ 1983 చట్టం, గ్రీస్ 2002 చట్టం, బల్గేరియా 2009 చట్టం, మూడూ భూమిలో దొరికినదాన్ని ప్రభుత్వ ఆస్తిగానే చూస్తాయి. అమెరికా దిగుమతి ఆంక్షల్లో నాణేలు 2011లో గ్రీస్‌తో, 2014లో బల్గేరియాతో, 2021లో టర్కీతో కుదిరిన ఒప్పందాల ద్వారా చేరాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి యూరప్ నుంచి తెప్పించుకునే మనవాళ్లు ఆ తేదీల కన్నా ముందే నాణెం ఆ దేశం బయట ఉందని చూపే పాత వేలం పేజీ, బిల్లు, చీటీ ఏదో ఒకటి అడిగి తీసుకోవాలి. ఇస్తాంబుల్ పర్యటనలో వీధిలో ఎవరో చూపించిన నాణెం అసలైతే జైలు, నకిలీ అయితే డబ్బు దండగ.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి కొనేవారు తెలుసుకోవాల్సింది మరొకటి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, అది ఏ దేశంలో పుట్టినా సరే. వ్యక్తులు దాన్ని దేశం బయటికి పంపకూడదు. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. అంటే విదేశీ వేలంలో కొని హైదరాబాద్ తెప్పించుకున్న స్టావ్రటాన్‌ను రేపు అదే వేలానికి తిరిగి పంపడం కుదరదు. అమ్మాలంటే దేశం లోపలే అమ్మాలి, ఇక్కడ ఈ నాణేలకు కొనుగోలుదారులు చాలా తక్కువ. విదేశాల్లో ఉంటున్నవారు సెలవుల్లో వస్తూ సంచిలో వేసుకు రాకండి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలోనే చిక్కు. తెప్పించుకునేవారు నాణెం పంపడానికి ఏ కొరియర్ ఒప్పుకుంటుందో, ఏ శీర్షిక కింద సుంకం పడుతుందో డబ్బు కట్టే ముందే కస్టమ్స్ ఏజెంటును అడగండి.

స్థానికంగా "కృష్ణా తీరంలో దొరికిన బైజాంటైన్ నాణెం" అని చివరి కాలపు వెండిని ఎవరైనా చూపిస్తే నమ్మకండి. దక్షిణ భారతంలో, కర్ణాటకలోని అక్కి ఆలూరు లాంటి చోట్ల దొరికిన బైజాంటైన్ బంగారం తొలి శతాబ్దాలది, జస్టీనియన్ కాలానికి అటూ ఇటూ. పాలియోలొగోస్ వంశపు స్టావ్రటాన్లు మన తీరానికి వ్యాపారంలో వచ్చిన దాఖలా లేదు. ఒకవేళ నిజంగానే భూమిలో ఏదైనా దొరికితే 1878 నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి.

దాచడం

గిన్నె ఆకారపు నాణేన్ని చదును చేయాలని చూడకండి, చిట్లిపోతుంది. ఈ కాలపు పలుచని వెండి భూమిలో పెళుసుబారి ఉంటుంది. అడుగున మెత్తని గుడ్డ పరచుకుని, అంచులు పట్టుకుని చూడండి. చింతపండు, నిమ్మరసం, పళ్లపొడి, వెండి మెరుగుపెట్టే ద్రవం ఏదీ తగలనివ్వకండి. పీవీసీ ప్లాస్టిక్ సంచులు కొన్నేళ్లకు పచ్చటి జిగురు వదులుతాయి, మైలార్ సంచులే వాడండి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో గాలి తేమ, ఉప్పు రెండూ రాగికి శత్రువులు. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పెట్టి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడండి. రాగి ట్రాకీ మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడుతూ రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. ఆరాక వారం పాటు విడిగా ఉంచి, పొడి మళ్లీ కనిపించకపోతేనే డబ్బాలో చేర్చండి.

ప్రతి నాణేనికీ తూకం, అడ్డుకొలత, బొమ్మ బొరుసుల దిశ ఎంత తిరిగి ఉందో, రెండువైపుల ఫొటో, కొన్న తేదీ, బిల్లు నకలు, పాత చీటీ ఒకే సంఖ్య కింద ఉంచండి. పాత చీటీలో పేరు తప్పని తేలినా దాన్ని పారేయకండి. ఆ నాణెం ఏ చేతుల్లోంచి, ఏ ఏడాదిలో వచ్చిందో చెప్పే కాగితం అదొక్కటే కావచ్చు.